మడి కట్టుకున్న బోర్డు

మండలి నుంచి తాఖీదు వచ్చిన నాలుగో రోజుకల్లా మా ఆఫీసు ముందు పరిచిన టైల్సన్నీ లేచిపోయాయి.

నేను ఆటో దిగి, ఒక కాలు ఇసుకలోనూ ఒక కాలు గోతిలోనూ పెట్టి చూద్దును కదా, మా ఎస్టేటు ఆఫీసరు చింతా ఏసుపాదం నలుగురు కూలీల్ని పెట్టి ఆఖరి వరస పీకిస్తున్నాడు.

"ఇదేం పనయ్యా ఏసుపాదం?"

"మీరే కదండీ ఫోన్లో చెప్పారు, ఇంటర్‌లాకింగ్ ఉంటే వారంలో తీసెయ్యాలని పైనుంచి ఆర్డరొచ్చిందని. వారం దేనికండీ, నాలుగ్రోజుల్లో తీయించేశాను."

"నేను చెప్పింది ఇంటర్‌లాకింగ్ డైరెక్టర్లు అనయ్యా!"

"పక్కన పిండిమర ఆడుతోందండి. నాకు ఇంటర్‌లాకింగ్ దాకానే వినబడింది. ఇంటర్‌లాకింగ్ అంటే టైల్సే కదండీ మరి. డైరెక్టర్లేంటండీ?"

"ఒకే మనిషి మన కంపెనీలోనూ, మనకి పోటీగా ఉన్న కంపెనీలోనూ డైరెక్టరుగా ఉండటం. తీయాల్సింది టైల్స్ కాదు, వాళ్ళని."

ఏసుపాదం గడ్డపార మీద గడ్డం ఆనించి ఆలోచించాడు. "టైల్సయితే గడ్డపారకి లేస్తాయండి. వాళ్ళు లేవరండి" అన్నాడు.

సంస్థాగత పరిపాలన గురించి అంతకు మించిన వ్యాఖ్య నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

నేను దోమాంతక ప్రోడక్ట్స్ లిమిటెడ్‌కి కంపెనీ సెక్రటరీని. మేం దోమల చక్రాలు చేస్తాం. ఏలూరులో దోమలకి లోటు లేదు కనక మాకూ లోటు లేదు. కాలవకి అవతలి గట్టున మశకారి ఇండస్ట్రీస్ లిమిటెడ్ ఉంది. వాళ్ళూ దోమల చక్రాలే చేస్తారు. మా చక్రం ఆకుపచ్చ, వాళ్ళది ఎరుపు. దోమలకి రంగుల పట్టింపు లేదు, రెండు పొగల్లోనూ ఒకేలా ఈదుతూ వచ్చి ఒకేలా కుడతాయి. రెండు కంపెనీల మధ్య పోటీ మాత్రం భయంకరం. వాళ్ళ గోడ మీద మా పోస్టరు, మా గోడ మీద వాళ్ళ పోస్టరు. ఎవరికెవరు పొగ పెడతారో అని ఊరంతా చూసేది.

మాకు ఏడుగురు డైరెక్టర్లు. మశకారికి ఏడుగురు. మొత్తం ఏడుగురు.

ఇందులో ఎవరి కుట్రా లేదు. అంతా నిబంధనల ప్రకారమే జరిగింది. బోర్డులో చేరాలంటే ఆ పరిశ్రమలో బోర్డు అనుభవం ఉండాలి. జిల్లా మొత్తం మీద దోమల చక్రాల బోర్డులో అనుభవం ఉన్నవాళ్ళెవరని మేం వెతికితే కాలవకి అవతల దొరికారు. మశకారి వాళ్ళు వెతికితే ఇవతల దొరికారు. ఖాళీ వచ్చినప్పుడల్లా ఒక్కొక్కరే వంతెన దాటుతూ పదేళ్ళలో అందరూ అన్నిచోట్లా నిండిపోయారు. కొన్ని కంపెనీలు బోర్డు తిప్పేస్తాయి. మా రెండు కంపెనీలు ఒకే బోర్డుని అటూ ఇటూ తిప్పుకుంటున్నాయి. ఎనిమిదో సీటు మహిళకి కేటాయించారు గానీ అది ఖాళీగానే ఉంది. దోమల చక్రాల్లో అనుభవం ఉన్న మహిళ ఎక్కడా దొరకలేదని ఏటా మినిట్సులో రాస్తాను. రాస్తున్నప్పుడు కిటికీలోంచి మా ఆరబెట్టే షెడ్డు కనబడుతుంది. అందులో అరవై ఇద్దరు ఆడవాళ్ళు చక్రాలు ఆరబెడుతూ ఉంటారు. చక్రాలు చేసేది వాళ్ళు, చక్రం తిప్పేది వీళ్ళు.

దాపరికం ఎందుకు, నేను కూడా రెండు కంపెనీలకీ సెక్రటరీనే. దోమాంతక తరఫున మశకారికి లీగల్ నోటీసు రాసి, వంతెన దాటి వెళ్ళి, దాన్ని అందుకుని, మనసు నొచ్చుకుని, ఘాటుగా జవాబు రాసి, ఆ ఘాటు చల్లారకముందే మళ్ళీ వంతెన దాటి వచ్చి చదువుకుని, "ఎంత పొగరు వీడికి!" అని పళ్ళు కొరికేవాణ్ణి.

ఇలా సాఫీగా సాగిపోతున్న రోజుల్లో రెండు సంగతులు జరిగాయి. కార్తీకంలో వచ్చిన తుపానుకి మా షెడ్డు మీది రేకులు లేచిపోయి ఎవరి చేలోనో పడ్డాయి. సంక్రాంతి వెళ్ళగానే సంపూర్ణ పోటీ సంరక్షణ మండలి నుంచి ఈ తాఖీదు వచ్చింది. చక్రం పిండి ముద్దతో చేసే వస్తువు. ఆరితే చక్రం, తడిస్తే మళ్ళీ ముద్ద. ఎండలున్నన్నాళ్ళూ కప్పు లేకపోయినా ఫరవాలేదు. మృగశిర కార్తెలో వానలు మొదలయ్యేలోగా రేకులు పడకపోతే షెడ్డు మూతే, అరవై ఇద్దరికీ పని పోతుంది. రేకులకి బోర్డు తీర్మానం కావాలి. అది అజెండాలో ఏడో అంశం. అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది.

మండలి పరిశీలకాధికారి విశ్వంభరం గారు స్వయంగా విచ్చేశారు. ఆయన మాట్లాడితే గెజెట్ తెరిచి చదివినట్టుంటుంది.

"డైరెక్టర్లను తొలగింపకయే తాఖీదును పాటింపవచ్చును. ఒక వ్యక్తి రెండు బోర్డులయందు ఆసీనుడగుట నేరము కాదు" అన్నారాయన, పీకేసిన టైల్స్ మీంచి నడిచొచ్చిన బూట్లు దులుపుకుంటూ. "ఒక బోర్డునందు గ్రహించిన సమాచారమును రెండవ బోర్డునకు మోసికొనిపోవుట నేరము. కావున తమరు సమాచార విభజన ప్రణాళికను సమర్పించవలసియున్నది."

మా చైర్మన్ గాదిరాజు పద్మనాభరాజు గారు మీసం సవరించుకున్నారు. "అంటే బుర్రలో గోడ కట్టుకోవాలంటారా అండి?"

"గోడ యొక్క స్వరూప స్వభావములు మండలి పరిధిలోనివి కావు. గోడ ఉన్నదా లేదా అన్నదే మండలికి కావలసినది."

బోర్డులో పెద్దాయన వేదుల సోమయాజులు గారు. రిటైర్డ్ బ్యాంకు మేనేజరు. అప్పటిదాకా కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆయన కళ్ళు మూసుకుంటే దీర్ఘాలోచన అని, గురక పెడితే ఏకీభవించారని రాయడం నాకు అలవాటు. ఆయన హఠాత్తుగా కళ్ళు తెరిచారు.

"గోడెందుకండీ? మడి చాలదూ?"

"మడియా?" అన్నారు విశ్వంభరం గారు.

"మా మామ్మ మడి కట్టుకుందంటే వంటింటికీ వసారాకీ మధ్య తలుపైనా వెయ్యక్కర్లేదు. అదే ఇల్లు, అదే గాలి. కానీ అటుది ఇటు అంటదు, ఇటుది అటు అంటదు. ఇక్కడ మీటింగవ్వగానే ఈ బట్టలు విడిచేసి, తల మునిగేలా స్నానం చేసి, తడిపి ఆరేసిన బట్ట కట్టుకుని అక్కడికి వెళ్ళామనుకోండి. ఇక్కడి సంగతులు ఒంటికి ఎలా అంటుకునుంటాయి?"

"సమాచారము ఒంటికి అంటునదా, బుద్ధికి అంటునదా అన్న సందేహము..."

"బుద్ధికి మైలేమిటండీ! మైలెప్పుడూ ఒంటికే."

అది నిజమే. మా బోర్డు విషయంలో సమాచారం అంతకంటే లోపలికి వెళ్ళిన దాఖలా నా పదేళ్ళ మినిట్సులో ఎక్కడా లేదు.

విశ్వంభరం గారి కలం కదలడం మొదలెట్టింది. రెండు వారాల్లో 'సమాచార శుచి నియమావళి' మండలి ముద్రతో దిగింది. దోమాంతక బోర్డుకి ఆకుపచ్చ అంచు పంచె, మశకారి బోర్డుకి ఎర్ర అంచు పంచె. పొద్దున్న పదింటికి ఇక్కడ మీటింగు, పదకొండున్నరకి అక్కడ. మధ్యలో స్నానం. బాత్రూములో స్నానం చేస్తే ఆ బాత్రూము ఏదో ఒక కంపెనీది అవుతుంది కనక, ఉభయ సంస్థలకూ చెందని జలంలో, అంటే ఇరిగేషన్ శాఖ వారి కాలవలో చెయ్యాలి. ఆరేసిన పంచెని చేత్తో ముట్టుకోకుండా కర్రతో తియ్యాలి. ఒక కంపెనీ మనిషి గాని కాయితం గాని అంటితే రెండో కంపెనీ బట్ట మైలపడుతుంది. మైలపడ్డ బట్ట కట్టుకుని మీటింగుకి వెళ్ళినవాడి డైరెక్టరు పదవి ఆ క్షణంలోనే పోతుంది.

వంతెన పక్కన ఏసుపాదం నాలుగు మెట్లు కట్టించి, ఊడదీసిన టైల్స్ వాటి మీద పరిపించాడు. 'సమాచార స్నానఘట్టం' అని బోర్డు కూడా పెట్టారు. ఊళ్ళోవాళ్ళు మాత్రం దాన్ని డైరెక్టర్ల రేవు అనే పిలిచేవారు.

మడి అమల్లోకి వచ్చాక జరిగిన మొదటి మీటింగుకి షెడ్డు మేస్త్రి వరహాలమ్మని పిలిచారు. యాభై దాటిన మనిషి. పాతికేళ్ళుగా చక్రాలతోనే బతుకు. ఆకుపచ్చ అంచు పంచెల్లో ఏడుగురూ కొలువుతీరి ఉండగా ఆవిడ గుమ్మం దగ్గర నిలబడింది.

"లోపలికి రామ్మా. కాస్త దూరంగానే నిలబడు, మడి" అన్నారు సోమయాజులు గారు.

"ముట్టుకోవద్దనిపించుకోటం మాకేం కొత్త కాదండి" అంది వరహాలమ్మ. "మీకు మీరే అంటయిపోటమే కొత్తగా ఉంది."

రాజు గారు గట్టిగా దగ్గి, "ఏడో అంశం. చెప్పమ్మా" అన్నారు.

"ఏం చెప్పమంటారండి. రేకులెగిరిపోయి నాలుగు నెల్లయింది. ఇప్పుడంటే ఎండలు కాత్తన్నాయి కాబట్టి సరిపోయింది. మిరగం వచ్చిందంటే చక్రాలన్నీ పేడముద్దలైపోతాయండి. మీకేమో చక్రాలు పోతాయి. మాకు పొయ్యిలో నిప్పు పోద్ది. ఇంతకన్నా చెప్పేదేం లేదండి."

"న్యాయమైన కోరిక. మనసు కదిలిపోయింది" అన్నారు రాజు గారు, నిజంగానే కదిలిపోతూ. "ఇది మనం వెంటనే తేల్చాలి. సెక్రటరీ గారూ, ఏమైనా అభ్యంతరం ఉందా?"

నేను నియమావళి తీశాను. "చర్చించే విషయంలో సొంత ప్రయోజనం ఉన్న డైరెక్టర్లు గది వదిలి వెళ్ళాలండి. మన షెడ్డు బాగుపడితే మశకారికి నష్టం. మశకారి నష్టంలో మశకారి డైరెక్టర్లకి ప్రయోజనం ముడిపడి ఉంది. కాబట్టి మశకారి డైరెక్టర్లెవరైనా ఉంటే దయచేసి..."

ఏడుగురూ లేచారు. పంచెలు ఎత్తిపట్టుకుని, వరహాలమ్మకి తగలకుండా గోడవారగా ఒకరి వెనక ఒకరు నడిచి బయటికి వెళ్ళిపోయారు. తలుపు మూసుకుంది. గదిలో నేనూ, ఆవిడా, ఏడు ఖాళీ కుర్చీలూ మిగిలాం.

"ఇప్పుడేం చెయ్యాలండి?" అంది వరహాలమ్మ.

"ప్రయోజనం లేని డైరెక్టర్లు నిర్ణయించాలమ్మా."

"మరి ఆళ్ళే కదండీ ఎల్లిపోయింది?"

కోరం లేనందున ఏడో అంశం వాయిదా పడినదని రాసుకున్నాను. బయట వరండాలో ఏడుగురికీ కాఫీ ఇచ్చారు. వాళ్ళకి కప్పు దొరికింది. షెడ్డుకి దొరకలేదు.

ఆ తర్వాత కాలవలో ఏడు మునకలు, ఏడు ఎర్ర అంచు పంచెలు, పదకొండున్నరకి మశకారి బోర్డు రూములో ఏడు గంభీరమైన మొహాలు. నేను కూడా మునిగే వచ్చాను. జలుబుకి మినహాయింపు లేదు.

"అవతలి గట్టున ఏం జరుగుతోందో మనకి బొత్తిగా తెలియడం లేదు" అన్నారు రాజు గారు, ఆందోళనగా. "పోటీదారు గురించి ఇంత అజ్ఞానంలో ఉండటం ప్రమాదం. సోమయాజులు గారూ, మీకేమైనా తెలుసా?"

సోమయాజులు గారు కళ్ళు మూసుకుని ఒంట్లో అంతా వెతుక్కున్నారు. "శుభ్రంగా కడుక్కుపోయిందండీ" అన్నారు గర్వంగా.

"అయితే ఒక గూఢచారిని పెడదాం."

పెట్టారు. లాజరు అని రిటైర్డ్ హెడ్ కానిస్టేబులు. అతను నెల రోజుల పాటు చింతచెట్టెక్కి దోమాంతక వైపు చూసి, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వచ్చి నివేదిక ఇచ్చాడు.

"దోమాంతకని నడిపేది ఒక ముఠా అండి. ఏడుగురు. పెద్ద వయసు. పదింటికి వస్తారు, ఏదో పత్రం చదువుతారు, వెంటనే లేచి బయటికి పోతారు, కాఫీ తాగుతారు. షెడ్డు మీద కప్పు లేదు. వేసే సూచనలు కూడా లేవు. ఇవిగోండి ఫోటోలు."

ఫోటోలు బల్ల చుట్టూ తిరిగాయి. రాజు గారు తన ఫోటోని తానే చాలాసేపు చూశారు. గుర్తుపడితే మైల. అందుకని గుర్తుపట్టలేదు.

"ఈ మీసాలాయన్ని చూశారా? వట్టి మొండిఘటంలా ఉన్నాడు."

"ఈ ముసలాయన నిద్రపోతున్నట్టు నటిస్తున్నాడు గానీ లోపల పెద్ద ఎత్తే ఉంది" అన్నారు సోమయాజులు గారు, తన బట్టతలని వేలితో చూపిస్తూ.

మిగతా అయిదుగురూ ఎవరి ఫోటో చూసి వాళ్ళు భయపడ్డారు.

"నాకు అర్థం కానిదొకటే" అన్నారు రాజు గారు. "కప్పు ఎగిరిపోయి అయిదు నెలలైతే ఎందుకు వెయ్యలేదు? ఇంతమంది అనుభవజ్ఞులు ఊరికే కూర్చోరు కదా! ఏదో ఉంది. కప్పు లేకుండానే ఆరబెట్టే కొత్త పద్ధతేదో కనిపెట్టారు. గాలి ధారాళంగా తగులుతుంది, వెలుతురు వస్తుంది. మనం ఇంకా రేకుల కాలంలోనే ఉండిపోయాం!"

దోమాంతక కప్పు ఎందుకు వెయ్యలేదో ఆ గదిలో ఎనిమిది మందికి తెలుసు. ఎనిమిది మందీ మడిలో ఉన్నాం.

ఏప్రిల్ మొదటి వారంలో మశకారి వాళ్ళు తమ షెడ్డు మీద నిక్షేపంలాంటి రేకులు విప్పించి పాత ఇనుము కింద అమ్మేశారు. అక్కడ పనిచేసే యాభై ఎనిమిది మంది ఆడవాళ్ళు తలెత్తి ఆకాశం చూశారు.

ఈ వార్త లాజరు ద్వారానే దోమాంతకకి చేరింది. దోమాంతక కూడా గూఢచారిని పెట్టుకోవాలిగా, జిల్లాలో అనుభవం ఉన్న గూఢచారి అతనొక్కడే.

"చూశారా!" అన్నారు రాజు గారు, ఆకుపచ్చ అంచు సర్దుకుంటూ. "మనల్ని చూసి వాళ్ళు కప్పు తీసేశారు. మనం మార్గదర్శకులమయ్యాం. ఈ దశలో మనం రేకులు వేస్తే మనమే వెనకబడ్డట్టు!"

ఏడో అంశం ఆ దెబ్బకి తొమ్మిదో అంశం అయింది.

ఈలోగా మడి ఫ్యాషనైపోయింది. జిల్లాలో పోటీ కాలేజీల్లో ఒకే కరస్పాండెంటు ఉన్నచోట్ల నుంచీ, పోటీ ఆసుపత్రుల్లో ఒకే పెద్దమనిషి ఉన్నచోట్ల నుంచీ వాళ్ళు మా రేవుకి వచ్చి మునగడం మొదలెట్టారు. శనివారాలు క్యూ కూడా ఉండేది. వేసవికి కాలవలు కట్టేస్తే ట్యాంకరు తెప్పించి నెత్తిన పోయించుకున్నారు. మండలి వారు మా రెండు కంపెనీలకీ కలిపి 'ఉత్తమ విభజన పురస్కారం' ప్రకటించారు. జూన్‌లో విశ్వంభరం గారు స్వయంగా వచ్చి మశకారి ఆఫీసులో ఇత్తడి కప్పు అందజేస్తారట. బోర్డుకి ఒక కప్పు వస్తోంది, షెడ్లకి రెండు కప్పులూ పోయాయి.

మే ఆఖరున రెండు షెడ్లకీ ఒకే నోటీసు అంటించారు: మొదటి చినుకు పడిన రోజు నుంచి పని బందు. దీనికి బోర్డు తీర్మానం అక్కర్లేదు. పని ఇవ్వడానికి బోర్డు కావాలి, పని ఆపడానికి మబ్బు చాలు.

నోటీసు చదివించుకుని వరహాలమ్మ నా గదికి వచ్చింది.

"సెక్రటరీ గారండీ, ఒక్క మాట. ఆకుపచ్చ పంచెలో ఉంటే ఆళ్ళు మనోళ్ళు. ఎర్ర పంచెలో ఉంటే ఆళ్ళోళ్ళు. కాలవలో మునిగినప్పుడు ఎవరోళ్ళండి?"

నేను నియమావళి తిరగేశాను. పదకొండో నిబంధన: 'స్నానారంభము మొదలు నూతన వస్త్రధారణ పూర్తియగు వరకు సభ్యుడు ఏ సంస్థకును చెందనివాడుగా భావింపబడును.'

చదివి వినిపించాను. ఆవిడ మరొక్కసారి చదవమంది. చదివాను. సెక్రటరీగా అంతకు మించి నేనేమీ చెయ్యలేదు. ఆ కాయితం బల్ల మీద పెట్టి మరిచిపోయి వెళ్ళానంటే, అది వయసు వల్ల జరిగింది.

పురస్కారం నాటికి కాలవలకి నీళ్ళొదిలారు. ఆకాశం మబ్బు పట్టి ఉంది. అలవాటు ప్రకారం దోమాంతకలో పదింటికి మీటింగైంది, తొమ్మిదో అంశం వాయిదా పడింది, ఏడుగురూ రేవులోకి దిగారు. ఆకుపచ్చ అంచు పంచెలు గట్టు మీద విడిచి, తెల్లతువ్వాళ్ళతో మెడలోతు నీళ్ళలో నిలబడి ముక్కులు మూసుకుని మునిగి లేచేసరికి, గట్టు నిండా ఆడవాళ్ళున్నారు.

ఇవతలి అరవై ఇద్దరూ, అవతలి యాభై ఎనిమిది మందీ. ఎర్ర అంచు పంచెలు ఏడూ ఆరేసిన దండెం పక్కన వరహాలమ్మ నిలబడి ఉంది. చెయ్యి చాపింది. పంచెకీ వేళ్ళకీ మధ్య జానెడు దూరం. విడిచిన ఆకుపచ్చ పంచెల పక్కన మశకారి మనిషి ఒకావిడ అలాగే చెయ్యి చాపి నిలబడింది.

"అమ్మా! ముట్టుకోకు!" అని అరిచారు సోమయాజులు గారు.

"ముట్టుకోలేదండి. ఇంకా."

"దోమాంతక మనిషివి. నువ్వంటితే అవి మైలపడిపోతాయి! అవి కట్టుకుని వెళ్తే మా పదవులు పోతాయి!"

"తెలుసండి. అందుకే మీతో మాట్టాడదామని."

వంతెన మీద పురస్కారం కప్పు పట్టుకుని విశ్వంభరం గారు ప్రత్యక్షమయ్యారు. వెనక ఏసుపాదం గొడుగు పట్టాడు. "ఏమి ఈ జనసమ్మర్దము?"

"అయ్యా, కాలవలో ఉన్న ఈ బాబుగార్లు ఏ కంపెనీ అండి?" అని అడిగింది వరహాలమ్మ.

విశ్వంభరం గారు నియమావళి తీసి, పదకొండో నిబంధన తాను రాసిందే అయినా మొదటిసారి చదివినట్టు చదివారు. "జలాంతర్గత స్థితియందు వీరు ఏ సంస్థకును చెందరు."

"అయితే షెడ్డు సంగతిలో ఈళ్ళకి ప్రయోజనం ఉందాండి?"

"ఏ సంస్థకును చెందనివారికి ఏ ప్రయోజనమూ ఉండదు. వీరు పూర్తిగా ప్రయోజన శూన్యులు."

"అది మాకు ముందే తెలుసండి" అంది గట్టు మీద ఎవరో. నూట ఇరవై మందీ నవ్వారు.

"మరి ఆళ్ళు ఇప్పుడు తీర్మానం చేస్తే చెల్లుద్దాండి?"

ఆయన ఆలోచించారు. కప్పుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని మళ్ళీ ఆలోచించారు. "కోరము కలదు. ప్రయోజన సంఘర్షణ లేదు. చెల్లును. అయితే ఏ సంస్థ తీర్మానముగా పరిగణించవలెను? ఏ సంస్థకును చెందనివారు చేసిన తీర్మానము... ఉభయ సంస్థలకును సమముగా చెందవలెను."

"రెండు షెడ్లకీనండి" అని వరహాలమ్మ అవతలి గట్టు వాళ్ళకి తర్జుమా చేసింది.

నేను నీటి అంచున కూర్చుని మినిట్సు పుస్తకం తెరిచాను. తీర్మానమో మానమో తేల్చుకోవాల్సిన ఘడియ. కానీ రాజు గారు తటపటాయించారు. పోటీ రక్తంలో ఉన్న మనిషి.

"వెయ్యడానికి నాకేం అభ్యంతరం లేదమ్మా. కానీ అవతలివాళ్ళున్నారే, ఆ ఏడుగురు, గట్టి పిండాలు. మనం కప్పు వేస్తే వాళ్ళేం ఎత్తు వేస్తారో!"

"ఏ ఏడుగురండి?"

"అదే, అవతలి గట్టు బోర్డు!"

వరహాలమ్మ నా వైపు చూసింది. నా సంచిలో లాజరు నివేదిక ఉంది. నేను ఫోటోలు తీసి ఆవిడ ఎడమ చేతికిచ్చాను. కుడి చెయ్యి దండెం దగ్గర్నుంచి కదల్లేదు. ఆవిడ మొదటి ఫోటో నీళ్ళ వైపు తిప్పి పట్టుకుంది.

"ఈ మీసాలెవరియండి?"

రాజు గారు చూశారు. ఒంటి మీద ఏ అంచూ లేకుండా ఆయన ఆ ఫోటో చూడటం ఇదే మొదటిసారి, కనక గుర్తుపట్టొచ్చు. నెమ్మదిగా చెయ్యి పైకెత్తి మీసం తడుముకున్నారు.

"ఈ బట్టతల?"

సోమయాజులు గారు నెత్తి తడుముకున్నారు. మిగతా ఫోటోలు చూపిస్తుంటే ఒక్కొక్క చెయ్యే నీళ్ళలోంచి లేచి ఒక్కొక్క మొహాన్ని తడుముకుంది.

"ఇవతల కప్పు ఎయ్యనివ్వనోళ్ళు మీరేనండి" అంది వరహాలమ్మ, అందరికీ వినబడేలా. "అదేదో పెద్ద ఎత్తనుకుని అవతల కప్పు పీకించినోళ్ళూ మీరే. మీ మీద మీరే లాజరు గారిని చెట్టెక్కించారు. మీరు భయపడ్డది మిమ్మల్ని చూసేనండి. ఊళ్ళో అందరికీ తెలుసు. మీకు చెప్పాలంటే మడి అడ్డొచ్చింది."

ఏడు తలలూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. విశ్వంభరం గారు నియమావళిని మొదట్నుంచి చివరిదాకా తిరగేశారు.

చివరికి సోమయాజులు గారు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగారు: "అటూ మేమే, ఇటూ మేమే అయితే, మరి ఇన్నాళ్ళూ మేం పోటీపడింది ఎవరితోనమ్మా?"

"మాతోనండి" అంది వరహాలమ్మ. "అక్కడ కూలి చాలక ఇక్కడికొస్తే ఇక్కడా అదే కూలి. ఇక్కడ గొడవపడి అక్కడికెళ్తే అక్కడా అదే మాట. మీ ఏడుగురే రెండు జట్లై పోటీ చేస్తే నూట ఇరవై మందిమి ఓడిపోయామండి."

విశ్వంభరం గారు వంతెన మీంచి వంగి, ఆ వాక్యం మినిట్సులో రాయనవసరం లేదని నాకు సైగ చేశారు. నేను అప్పటికే రాసేశాను.

రాజు గారు చెయ్యెత్తారు. సోమయాజులు గారు ఎత్తారు. ఏడు చేతులూ నీళ్ళు కారుతూ లేచాయి. రెండు షెడ్లకీ రేకులు, ఏకగ్రీవం. పుస్తకం నీటి మీద చాపితే ఏడుగురూ తడి వేళ్ళతో సంతకాలు పెట్టారు.

"అయిపోయిందిగా" అన్నారు రాజు గారు, వణుకుతూ. "ఇంక ఆ చెయ్యి తియ్యమ్మా. పంచెలు కట్టుకుంటాం."

వరహాలమ్మ ఆకాశం వైపు చూసింది. మొదటి చినుకు సోమయాజులు గారి బట్టతల మీద టప్పున పడింది.

"తీస్తానండి" అందావిడ. "రేకులు దిగనివ్వండి."